రబ్బరు చెవుల మామగారు

పోయిన వారం మన పెద్దకోడల్ని నురుగు గది గుమ్మంలో, తలుపు పిడి మీద చెయ్యేసి ఉండగా వదిలేసి వచ్చాం. లోపలికి వెళ్ళాలా, వెనక్కి తిరగాలా తేల్చుకోకుండా వారమంతా అక్కడే నిలబడింది పాపం. కాళ్ళు పీకేసి ఉంటాయి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చెవుల్లో పెట్టుకునే వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు తయారుచేసే కంపెనీ అది. అక్కడ యాంటెన్నాల పని పెద్దకోడలిది. లోపల ఏ సామాను ఎక్కడ పెట్టాలో సర్దే పని చిన్నకోడలిది. ఇద్దరూ అన్నదమ్ముల పెళ్ళాలు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే ఆఫీసు బస్సెక్కుతారు. అన్నదమ్ములిద్దరిదీ కలిపి ఒక కళ్ళజోళ్ళ షాపు. "జనం కళ్ళు మా అబ్బాయిలు చూసుకుంటారు, చెవులు మా కోడళ్ళు చూసుకుంటారు" అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి మురిసిపోతూ ఉంటుంది. ఈ మధ్య ఆ మురిపెంలో చిన్నకోడలి వాటా కాస్త పెరిగింది. గొడవంతా అక్కడే.

కొత్త మోడల్‌కి ఆఫీసులో అందరూ పెట్టుకున్న ముద్దుపేరు శనగగింజ. ఆ సైజే. అందులో బ్యాటరీ పట్టాలి, స్పీకరు పట్టాలి, స్పీకరు వెనకాల అయస్కాంతం పట్టాలి, మైకు, చిప్పు, వేలితో తట్టితే పాట ఆపే టచ్ రేకు, ఇవన్నీ పట్టాక ఎక్కడైనా జాగా మిగిలితే యాంటెన్నా. యాంటెన్నా పక్కన మైకు తీగ పెడితే అవతలివాళ్ళకి మన మాట వెనకాల జుమ్మని రొద. బ్యాటరీకి ఆనించి పెడితే సిగ్నలంతా బ్యాటరీయే మింగి కూర్చుంటుంది. మేనేజర్‌కి ఇవేవీ పట్టవు. ఏ బొమ్మ చూపించినా "ఇంకాస్త చిన్నగా" అంటాడు. అందుకని ఆయన పేరే ఇంకాస్త అయిపోయింది. ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి గుర్తుండాలి.

"ఇంతకంటే చిన్నదైతే యాంటెన్నా పట్టదండీ. పట్టాలంటే వినేవాళ్ళ తల తీసి పక్కన పెట్టుకోవాలి," అంది పెద్దకోడలు నిండు మీటింగులో. అందరూ నవ్వారు. ఇంకాస్త కూడా నవ్వాడు. నవ్వి, ఆ వారమే ప్రాజెక్టు తీసుకెళ్ళి చిన్నకోడలి చేతిలో పెట్టాడు. చేరి ఏడాదైనా కాలేదు, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ అవలేదు, అలాంటి పిల్లకి.

ఆ పిల్ల ఏం చేసిందంటే, యాంటెన్నాకి వేరే జాగా వెతకడమే మానేసింది. టచ్ రేకునే యాంటెన్నా చేసేసింది. ఒకే గదిలో రెండు కాపురాలు పెట్టి మధ్యలో తెర కట్టినట్టు, ఒకే రేకు వేలి తట్టునీ వింటుంది, సిగ్నల్నీ పంపుతుంది. ఒకదాని గోల ఇంకోదానికి వినపడకుండా మధ్యలో ఆవగింజలో సగముండే కాయిల్.

అది మొదటిసారి తెర మీద చూసినప్పుడు పెద్దకోడలు మనసులో "అబ్బ, ఎంత బాగుందో" అనుకుంది. నిజంగానే అనుకుంది. ఓ గుటక వేసేంతసేపు. ఆ గుటక దిగాక కడుపులో అంటుకున్న మంట ఇవాల్టికీ ఆరలేదు.

ఆ మంట ఎక్కడెక్కడికి పాకిందో చెప్తే మీరు నవ్వుతారు. బస్సులో చిన్నది పక్కన కూర్చుంటే తలనొప్పి వస్తోంది. చిన్నది నవ్వితే ఆ నవ్వు మీటింగులకి వేరుగా, ఇంటికి వేరుగా ఉన్నట్టు వినిపిస్తోంది. చిన్నది "అక్కా" అని పిలిస్తే ఆ దీర్ఘంలో ఏదో కొలత తేడా. ఇక ఇది మరీ చెప్పకూడదు కానీ, బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాటలేవీ పెట్టకుండా కళ్ళు మూసుకుని కూర్చుంటోంది, వెనక సీట్లో చిన్నది ఫోన్లో తన గురించి ఎవరితోనైనా ఏమైనా అంటుందేమో విందామని. ఇన్నాళ్ళూ విన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తన గురించి లేదు. దానికి ఇంకా మండింది.

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం.

రేపు పొద్దున్నే పెద్ద కొనుగోలుదార్లు వస్తున్నారు. శనగగింజని వాళ్ళ కళ్ళముందే కొలిచి చూపించాలి. కొలత నచ్చితే ఆ మర్నాడే ఇయర్‌ఫోను డొప్పలు పోసే అచ్చులు కోతకి వెళ్తాయి, ఆ తర్వాత వెంట్రుకంత మార్చాలన్నా కుదరదు. అందుకని మేనేజర్ ఇంకాస్త పెద్దకోడల్ని పిలిచి, "మేడం, మామగారికి కాస్త దుమ్ము దులిపి పెట్టండి. మీరు చేసినంత నీటుగా ఇంకెవరూ చెయ్యరు" అన్నాడు. ప్రాజెక్టు చిన్నదానికి, దుమ్ము తనకి. పెద్దకోడలు తలుపు పిడి దగ్గర ఆగిపోయింది అందుకే.

చివరికి తోసుకుని లోపలికి వెళ్ళింది.

నురుగు గదిలో గోడల్నిండా, పైకప్పుకి కూడా, కోసుగా చెక్కిన నురుగు దిమ్మెలు. బయటి సిగ్నల్ లోపలికి రాదు. లోపలి సిగ్నల్ గోడకి తగిలి వెనక్కి రాదు. మాట కూడా అంతే. ఆ గదిలో ఏమన్నా దూదిలో పడ్డట్టు ఉంటుంది. మధ్యలో తిరిగే పీట, పీట మీద మామగారు.

మామగారంటే తల. మెడ దాకా ఉన్న బూడిదరంగు బొమ్మ తల, రెండు రబ్బరు చెవులు. ఇయర్‌ఫోన్లు ఆ చెవుల్లో పెట్టి, పీటని మెల్లగా తిప్పుతూ, ఏ వైపు నుంచి ఎంత సిగ్నల్ బయటికొస్తోందో కొలుస్తారు. అన్ని వైపులా సమంగా వస్తే తెర మీద గుండ్రటి గీత పడుతుంది. ఆ పేరు పెట్టింది పెద్దకోడలే. "చెవిలో ఏం పెట్టినా కిక్కురుమనడు, ఎటు తిప్పితే అటు తిరుగుతాడు. ఇలాంటి మామగారు ఏ కోడలికి దొరుకుతాడు?" అంది ఒకప్పుడు. అసలు మామగారు ఇద్దరు కోడళ్ళూ రాకముందే పోయారు. ఆఫీసులో ఇలా పేరు పెట్టామని ఇంట్లో చెప్తే అత్తగారు కళ్ళు తుడుచుకుని, "మీ మామగారూ అంతేనమ్మా, అచ్చం" అంది.

పెద్దకోడలు మామగారి మొహం తుడిచింది. చెవుల మడతల్లో దుమ్ము దూదిపుల్లతో తీసింది. కింద కూడా తుడుద్దామని ఎప్పట్లాగే మోకాళ్ళు వంచి, నడుం పట్టెయ్యకుండా చూసుకుని, రెండు చేతులూ గెడ్డం కింద వేసి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేపింది.

తల ఎగిరొచ్చి ఆమె ముక్కుకి తగిలింది.

పెద్దకోడలు తూలి, గోడ నురుగుకి ఆనుకుని నిలబడింది. చేతుల్లో మామగారు పుచ్చిన కొబ్బరికాయలా తేలిగ్గా ఉన్నాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఎక్కడో అడుగున, గెడ్డం దగ్గర, గలగలమని కాస్త నీళ్ళ చప్పుడు.

విషయమేంటంటే, మనిషి తలంటే రేడియో సిగ్నల్ దృష్టిలో ఒక నీళ్ళ కుండ. ఒక చెవిలోని ఇయర్‌ఫోను ఇంకో చెవిలోని దానితో మాట్లాడాలంటే మధ్యలో ఈ కుండ అడ్డం. ఫోను ఎడమ జేబులో ఉంటే కుడి చెవికి కూడా ఇదే బాధ. అందుకే బొమ్మ తల లోపల పంచదార, ఉప్పు కలిపిన నీళ్ళు నింపుతారు. ఆ పాళ్ళు సరిగ్గా ఉంటే సిగ్నల్ ఆ బొమ్మని అచ్చం మనిషే అనుకుని మోసపోతుంది. తల నిండుగా ఉన్నప్పుడు యాంటెన్నాని శ్రుతి చేస్తే మనుషుల చెవుల్లో సరిగ్గా పలుకుతుంది. తల ఖాళీగా ఉన్నప్పుడు శ్రుతి చేస్తే, ఖాళీ తలల్లోనే పలుకుతుంది. అలాంటి తలలున్నవాళ్ళు కొనుగోలుదార్లలో ఉంటే ఉండచ్చు, కానీ వాళ్ళని నమ్ముకుని వ్యాపారం చెయ్యలేం కదా.

మామగారి మెడ దగ్గర మూతకి రబ్బరు వాషరు పాతబడింది. నీళ్ళు కొంచెం కొంచెంగా ఊరి, ఆరిపోతుంటాయి. వారానికోసారి చూసి నింపాలి. ఆ పని ఎవరిదీ? ఎవరిదీ కాదు. ఎవరూ ఎవరికీ అప్పగించలేదు. చేరిన కొత్తలో ఒకసారి పెద్దకోడలే గమనించి నింపింది, అప్పట్నుంచీ తనే నింపుతోంది, ఎవరూ చెప్పకుండా మెట్ల మీద కుండీలకి నీళ్ళు పోసేవాళ్ళుంటారే, అలాగ. ప్రాజెక్టు చెయ్యి జారిన రోజు, "నా గది కాదుగా ఇక" అనుకుంది. ఆ రోజు నుంచి, ఇన్ని నెలలూ, ఇటు తొంగి చూడలేదు.

అంటే చిన్నది కొలిచిందంతా ఖాళీ తల మీద. ఆ గుండ్రటి గీతలు, మీటింగులో అందరూ చప్పట్లు కొట్టిన ఆ నంబర్లు, ఇంకాస్త తన జన్మలో మొదటిసారి "చాలు" అన్న ఆ నంబర్లు.

పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఆ గదిలో నవ్వినా బయటికి వినపడదు కాబట్టి హాయిగా, చాలాసేపు నవ్వింది. మంట మీద చల్లటి నీళ్ళు పోసినట్టుంది. ఎంత తెలివైందైతే మాత్రం, తల ఖాళీ అని చూసుకోవద్దూ?

ఆ నవ్వు సగంలో ఉండగానే ఇంకో ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. తల ఖాళీ అని చెప్తే, ఎందుకు ఖాళీ అని అడుగుతారు. ఇన్నాళ్ళూ ఎవరు నింపారు, ఇప్పుడెందుకు నింపలేదు అని అడుగుతారు. జవాబు చెప్పడానికి మామగారికి నోరు లేదు, తనకుంది.

ఆ తర్వాత మూడో ఆలోచన వచ్చింది. అది వచ్చినప్పుడు పెద్దకోడలు నవ్వడం పూర్తిగా ఆపేసింది.

చెప్పడమెందుకు? నింపేస్తే సరి.

ఇప్పుడు, చప్పుడు చెయ్యకుండా, తన అలవాటు ప్రకారం పంచదార నీళ్ళు కలిపి తల నిండా పోసేస్తే? రేపు పొద్దున్న అందరి ముందూ శనగగింజ మొట్టమొదటిసారి నిండు తల మీద కూర్చుంటుంది. ఆ గుండ్రటి గీత కాస్తా తొక్కేసిన డబ్బాలా నొక్కుకుపోతుంది. చిన్నది బిక్కమొహం వేస్తుంది. ఎందుకయిందో ఎవరికీ అర్థం కాదు. ఎవరైనా ఎప్పుడైనా మూత తీసి చూసినా తల నిండుగానే ఉంటుంది. పోనీ చేసింది తప్పని అనగలరా? తల నింపడం తప్పెలా అవుతుంది? చెయ్యాల్సిన పనే. ఇంత శుభ్రమైన పగ ఎవరికి దొరుకుతుంది?

అలమరలోంచి జగ్గు, పంచదార డబ్బా, ఉప్పు పొట్లం తీసింది. పాళ్ళు చేతికి అలవాటే. గరిటె తిప్పుతూ, బల్ల మీదున్న శనగగింజ బోర్డు వైపు భూతద్దంలోంచి ఒకసారి చూసింది. చూసి ఉండాల్సింది కాదు. రేకు పక్కన ఆవగింజలో సగముండే ఆ కాయిల్ని తీసి, ఒక సైజు పెద్దది పెడితే చాలు. నిండు తల మీద కూడా ఆ యాంటెన్నా గంటలా పలుకుతుంది. పట్టకారుతో, సన్నటి టంకం ముక్కుతో, సాయంత్రం బస్సు వేళకి అయిపోయే పని. చిన్నదాని ఐడియా అంత గట్టిది. ఆ సంగతి ఈ ఆఫీసులో తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ పంచదార కలుపుతోంది.

తలుపు తెరుచుకుంది. చిన్నకోడలు తుంటితో తలుపు తోసుకుంటూ, రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో లోపలికొచ్చింది.

"అక్కా, ఇక్కడున్నావా. బిల్డింగంతా వెతికాను. టీ తాగు." బల్ల మీద డబ్బా చూసింది. "పంచదార ఎందుకు? టీలో వేసే తెచ్చానే."

"నాకు కాదు. ఈయనకి," అంది పెద్దకోడలు తల వైపు చూపించి.

"మామగారికి షుగర్ లేదా?"

"కడగడానికి. మరకలు పోతాయి."

"పంచదారతోనా?"

"ఉప్పు కూడా వెయ్యాలి."

చిన్నకోడలు జగ్గులోకి తొంగి చూసింది. "నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతున్నా. ఇంకెవరైనా చెప్తే నన్ను ఆటపట్టిస్తున్నారనుకునేదాన్ని."

ఆ పిల్లకి ఆ తల గట్టి దిమ్మె అనే తెలుసు. లోపల బోలుగా ఉంటుందనీ, నింపాలనీ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినావిడ అప్పుడు బస్సులో కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది.

చిన్నకోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. టీ తాగలేదు. కప్పు అంచు మీద వేలు తిప్పుతూ ఉంది. గోళ్ళన్నీ కొరికేసి ఉన్నాయి. చూపుడు వేలి మీద టంకం కాలిన మచ్చ, ఎర్రగా, కొత్తది.

"అక్కా, నీకొకటి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు."

"చెప్పు."

"ఎడమది తెగిపోతోంది."

"ఏ ఎడమది?"

"శనగగింజ ఎడమది. నేను పెట్టుకుంటే. ఫోను కుడి జేబులో ఉంటే మరీను. నాలుగడుగులు వేశానంటే మాట మింగేస్తోంది. మళ్ళీ వస్తోంది, మళ్ళీ మింగేస్తోంది. మామగారి చెవిలో పెడితే మాత్రం ఖణేల్‌మంటోంది. అందుకని నా తలలోనే ఏదో తేడా ఉందనుకున్నా."

పెద్దకోడలు గరిటె తిప్పడం ఆపలేదు. "ఇంకెవరి తలలో పెట్టి చూశావు?"

"అత్తయ్య తలలో. వంటింట్లో పెట్టుకుని చూసింది. 'ఇదేంటే, ఎవరో నోట్లో తమలపాకు పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది' అంది. నీకు చెప్పద్దని బతిమాలుకున్నా."

"నాకెందుకు చెప్పద్దన్నావు?"

"నవ్వుతావని."

"నేనా?"

"నవ్వవా?"

పెద్దకోడలు ఆలోచించింది. "నవ్వుతాను," అంది.

ఇద్దరూ నిజంగానే నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ చిన్నదాని కళ్ళు నిండిపోయాయి. మొహం మోచేత్తో తుడుచుకుంది, చేతుల్లో కప్పుంది కదా.

"భయంగా ఉందక్కా. రేపు బయటపడితే నన్ను ఉంచరు. ఇంకాస్త ఆ మాట మొహం మీదే చెప్పాడు, నీ ఉద్యోగం శనగగింజలో ఉందమ్మా అని. నంబర్లు బాగున్నాయి కదాని ఊరుకున్నా. ఊరుకోకుండా ముందే నీ దగ్గరికి రావాల్సింది. నువ్వేమో ఈ మధ్య మాట్లాడటమే మానేశావు. బస్సులో ఎప్పుడు చూసినా పాటలు వింటూ ఉంటావు."

పెద్దకోడలు ఆ కాలిన వేలి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఏ మనిషి మీద మండిందో ఆ మనిషి కాదు ఎదురుగా ఉన్నది. గోళ్ళు కొరుక్కుని, వేలు కాల్చుకుని, తన తలలోనే లోపముందని నమ్మేసిన ఒక పిల్ల. ఆ కాయిల్ మార్చడానికి ఇంకా టైముంది. తల ఖాళీ అయిందని ఇంకాస్తకి చెప్తే నాలుగు చీవాట్లు పడతాయి, పడనీ. పోయేది చీవాట్లతో పోతుంది. అత్తగారి ముందు ఈ పిల్లే "అక్క లేకపోతే మునిగిపోయేదాన్ని" అంటుంది. ఆ మాట ఊహించుకుంటే కూడా బాగానే ఉంది.

గరిటె పక్కన పెట్టింది. "ఇటు రా. ఈ తల చూడు. నీకెవరూ చెప్పలేదు కానీ, దీంట్లో..."

"ఆగక్కా." చిన్నకోడలు చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు ఇంకోటి చెప్పనీ. నువ్వు సాయం చేశాక చెప్తే మోసం చేసినట్టుంటుంది."

"ఏంటి?"

"ప్రాజెక్టు ఇంకాస్త తనంతట తను నాకివ్వలేదు. నేనే వెళ్ళి అడిగాను."

దానికేముంది అనుకుంది పెద్దకోడలు. ఆశ ఎవరికుండదు, అడిగి ఉంటుంది. తనైనా ఆ వయసులో అడిగి ఉండేది.

"నాకై నాకు అంత ధైర్యం లేదు. బావగారు అడగమన్నారు."

"ఏ బావగారు?" అంది పెద్దకోడలు. చిన్నదానికి ఉన్నది ఒకే ఒక బావగారు. పెద్దకోడలి మొగుడు.

"కోప్పడకక్కా. నీ మంచికే అన్నారు. డాబా మీద బట్టలు తీస్తుంటే వచ్చి కూర్చున్నారు. నువ్వు నిద్రలో కూడా నంబర్లు కలవరిస్తున్నావని, భోజనం దగ్గర చెయ్యి పళ్ళెంలో పెట్టి ఎటో చూస్తున్నావని. 'మీ అక్క ఇది మొయ్యలేదు, పైకి చెప్పదు. నువ్వు అడుగు, నీకైతే ఇస్తారు' అన్నారు."

"నీకైతే ఇస్తారు అన్నారా."

"అంటే, అలా అని కాదు..."

"ఆ మాటే అన్నారా?"

చిన్నకోడలు తలూపింది.

ప్రాజెక్టు పోయిన రోజు రాత్రి పెద్దకోడలు గోడ వైపు తిరిగి పడుకుంటే, మొగుడు ఆమె కళ్ళజోడు మెల్లగా తీసి, తన చొక్కా అంచుతో తుడిచి, బల్ల మీద పెట్టి, "పోనీలే, ఇకనైనా కాస్త నిద్రపోవచ్చు" అన్నాడు. ఎంత మంచిమనిషి అనుకుంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ నెలంతా గడిపింది. ఇప్పుడు తెలుస్తోంది, అది ఓదార్పు కాదని. పని పూర్తయినవాడు అనే మాట అది.

తన నిద్ర గురించి, తన కలవరింతల గురించి, తన పళ్ళెం గురించి వాళ్ళిద్దరూ డాబా మీద కూర్చుని మాట్లాడుకున్నారు. ఆయన తనతో షాపులో ఫ్రేముల గురించి తప్ప ఏం మాట్లాడాడు ఈ మధ్య? ఈ పిల్లతో ఇంత మాట్లాడాడు. తను మొయ్యలేదని ఈ పిల్లకి చెప్పాడు. ఈ పిల్ల మొయ్యగలదని ఎప్పుడు కనిపెట్టాడో.

"ఎన్నాళ్ళుగా మాట్లాడుకుంటున్నారు నా గురించి?"

"అక్కా, ఒక్కసారే. అదీ..."

"సరే. సరేలే." పెద్దకోడలి గొంతు చాలా మామూలుగా ఉంది. ఆ గదిలో ఏ గొంతైనా అలాగే ఉంటుంది. "ఎందుకంత కంగారు? నీ జుట్టు వల్ల అది. తలారా స్నానం చేసి, ఆరకుండా వచ్చేస్తావు. చెవి మీద తడి జుట్టు పడితే సిగ్నల్ ఆగుతుంది."

"నిజమా? మరి అత్తయ్యకి?"

"వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తోందా అప్పుడు?"

చిన్నకోడలు గుర్తు చేసుకుంది. "నడుస్తోంది. పాలు పెట్టింది."

"మరింకే. అది నడుస్తుంటే ఏ ఇయర్‌ఫోనైనా మాట మింగుతుంది. రెండూ ఒకే గాలిలో అరుస్తాయి."

ఆ మాట మాత్రం నిజమే. అబద్ధం చెప్పాల్సిన చోట నిజం ఒకటి చేతికి దొరికితే ఉండే హాయి ఇంకెక్కడా ఉండదు. చిన్నకోడలి భుజాలు కిందికి దిగాయి. ఇప్పుడు టీ తాగింది, చల్లారిపోయినా సరే.

"ఇందాక తలలో అని ఏదో చెప్పబోయావు?"

"దీంట్లో కూడా కడగాలి అంటున్నా. లోపలంతా మట్టి. గరాటు పట్టుకో."

పెద్దకోడలు మామగారిని బోర్లించి, మెడ దగ్గరి మూత తిప్పి తీసింది. చిన్నకోడలు స్టూలు మీంచి దిగి, పైటకొంగు అడ్డం రాకుండా నడుముకి దోపుకుని, కాలిన వేలు తగలకుండా జాగ్రత్తగా గరాటు పట్టుకుంది. పెద్దకోడలు జగ్గు ఎత్తి పోసింది. ఒక జగ్గు. మళ్ళీ కలిపి ఇంకో జగ్గు. రబ్బరు చెవుల దాకా, మూతి దాకా, గెడ్డం దాకా నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. చిన్నది ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు. చెయ్యి స్థిరంగా ఉంది. ఆ చేతికున్న నేర్పు ఇవాళ కూడా పెద్దకోడలి కంట పడింది. పడి మండింది.

"కడిగాక నీళ్ళు పారబొయ్యవా?"

"నాననివ్వాలి. రేపటిదాకా."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఇంకాస్త సగం ఒంటితో లోపలికి వంగాడు. మిగతా సగం బయట ఎవరితోనో ఫోన్లో ఉంది.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారా, మంచిదైంది. మేడం, రేపొచ్చేవాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. కొత్త మెలిక పెట్టారు. తయారుచేసినవాళ్ళే కొలిస్తే ఒప్పుకోరట. ప్రాజెక్టులో లేనివాళ్ళు కొలవాలి, నంబర్లు పైకి చదవాలి, కింద సంతకం చెయ్యాలి. ఈ బిల్డింగులో కొలవడం వచ్చినవాళ్ళలో ప్రాజెక్టులో లేనిది మీరొక్కరే. రేపు మీ చేత్తోనే మామగారి చెవుల్లో పెట్టాలి. సరేనా?"

పెద్దకోడలు జగ్గు కింద పెట్టింది. రేపు ఆ నొక్కుకుపోయిన గీత తెర మీద పడుతుంటే, ఒక్కో నంబరూ తన నోటితోనే చదవాలన్నమాట. పక్కన ఈ పిల్ల నిలబడి తన మొహంలోకే చూస్తూ ఉంటుంది.

"మేడం? సరేనా?"

"హమ్మయ్య," అంది చిన్నకోడలు, ఆమె కంటే ముందే. గరాటు పక్కన పెట్టి, పంచదార అంటిన చేత్తో పెద్దకోడలి మోచెయ్యి పట్టుకుంది. "అక్క కొలుస్తానంటే నాకింక భయమే లేదు సార్."

తల నిండా నీళ్ళున్నాయి. సాయంత్రం బస్సుకి ఇంకా టైముంది. ఇంకాస్త గుమ్మంలో జవాబు కోసం చూస్తున్నాడు.

పెద్దకోడలు మూత తీసుకుని, గట్టిగా బిగించింది.

"సరే," అంది.